మీరడిగారు: తిన్న రొట్టె ఎవరిది?

ప్రశ్న: గత నెల జవాబులో మీరు మధ్యయుగాల ఐరోపాని "చీకటి యుగం" అని ఒక్క మాటలో తేల్చేశారు. పిల్లలకి అలా చెప్పకండని మేం క్లాసులో మొత్తుకుంటుంటే మీరే అలా రాస్తే ఎలా?
— చరిత్ర లెక్చరర్, కర్నూలు

ఒప్పుకుంటున్నానండీ, తప్పు నాదే. చిన్నప్పటి పాఠ్యపుస్తకం చెయ్యి పట్టుకుని రాయించేసింది.

నిజానికి ఆ కాలంలో ఎంత గట్టిగా వాదించుకునేవారో తెలియాలంటే వాళ్ళు నిషేధించిన మాటల జాబితా చూస్తే చాలు. 1277లో పారిస్ బిషప్ ఎతియెన్ తాంపియే 219 వాక్యాలు ఏరి, వీటిని ఎవరైనా బోధిస్తే వెలివేస్తానని ప్రకటించాడు. లోకానికి ఆది లేదన్నది అందులో ఉంది. లోకంలో జ్ఞానులంటే తత్వవేత్తలే అన్నదీ ఉంది. మత పండితులు చెప్పేదానికి ఆధారం కట్టుకథలు అన్నది కూడా ఉంది! ఎవరూ అనని మాటని నిషేధించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు కదా. మరీ ఇన్నీ యథాతథంగా అన్నారా, లేక బిషప్ గారి మనుషులు కాస్త వక్రీకరించారా అన్న గొడవ వేరే ఉంది. ఏమైనా చీకట్లో కూర్చున్నవాళ్ళు ఇంత గలాటా చెయ్యరు.

ప్రశ్న: యేసు ప్రభువుకి సొంత డబ్బు సంచి ఉందా లేదా అన్న విషయం మీద ఐరోపాలో యుద్ధాలు జరిగాయని, మనుషుల్ని కాల్చేశారని మా అన్నయ్య అంటాడు. నమ్మొచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

యుద్ధాలంటే కాస్త ఎక్కువ చెప్పినట్టేనమ్మా. తగువు మాత్రం నిజం, కాల్చడమూ నిజం. దీనికి కొంచెం పెద్ద జవాబు రాస్తాను, ఓపిక పట్టు, ఎందుకంటే నాకు ఆ కాలంలో అన్నిటికన్నా ఇష్టమైన తగువు ఇదే.

అస్సీసీకి చెందిన ఫ్రాన్సిస్ 1226లో చనిపోయాడు. ఆయన పెట్టిన సన్యాసుల సంఘానికి 1223లో పోప్ ఆమోదించిన నియమావళి ఉంది. దాని ప్రకారం సన్యాసి డబ్బు ముట్టుకోకూడదు, వేరేవాళ్ళ చేత పుచ్చుకోనూ కూడదు, ఇల్లు గానీ స్థలం గానీ ఏదీ సొంతం చేసుకోకూడదు. ఆయన చుట్టూ పది మంది తిరుగుతున్నంత కాలం ఇది బాగానే నడిచింది. సంఘం వేలల్లోకి పెరిగి, ఊరూరా మఠాలు, చర్చిలు, పుస్తకాలు, పూజా పాత్రలు వచ్చాక మరి ఇవన్నీ ఎవరివి అన్న ప్రశ్న వచ్చింది. 1245లో పోప్ నాలుగో ఇన్నోసెంట్ ఒక ఉపాయం చెప్పాడు: ఆస్తి అంతా రోమన్ చర్చిది, సన్యాసులకి వాడుకోవడం ఒక్కటే. మన భాషలో చెప్పాలంటే పోప్ గారు బినామీ. మామూలుగా బినామీ పేరు మీద పెట్టుకునేవాడు ఆస్తి దాచుకోవడానికి పెట్టుకుంటాడు, వీళ్ళు బీదరికం కాపాడుకోవడానికి పెట్టుకున్నారు, తేడా అంతే. 1279లో మూడో నికొలస్ పోప్ దీన్ని ఇంకా బిగించి, ఇది క్రీస్తూ ఆయన శిష్యులూ చూపిన దారే అని చెప్పి, ఇకపై దీని మీద ఎవరూ వ్యాఖ్యానాలు రాయొద్దని తలుపు మూసేశాడు.

ఆ తలుపు తీసినవాడు ఇరవై రెండో జాన్. 1316లో పోప్ అయ్యేటప్పటికే డెబ్బై దాటిన ముసలాయన, ఫ్రాన్స్‌లోని కావోర్ ఊరివాడు, చదివింది న్యాయశాస్త్రం. అప్పటికి పోప్‌లు రోమ్ వదిలేసి అవిన్యోన్‌లో ఉంటున్నారు. ఈయన ముందు సంఘంలోని కరుడుగట్టిన వర్గం జోలికి వెళ్ళాడు. వాళ్ళని స్పిరిచువల్స్ అనేవారు. పొట్టి, చిరుగుల అంగీలు వేసుకోవడం, మఠంలో ధాన్యం గానీ ద్రాక్షసారా గానీ నిలవ చెయ్యకూడదనడం వాళ్ళ పట్టుదల. 1317లో జాన్ ఒక శాసనం ఇచ్చాడు: అంగీ ఎంత పొడుగుండాలో, గాదె ఉండాలో వద్దో పై అధికారులు చెప్తారు, మీరు వినాలి. బీదరికం గొప్పదే, కానీ అన్నిటికన్నా గొప్పది విధేయత అని అందులో రాశాడు. వినని నలుగురిని 1318 మేలో మార్సేలో నిలువునా కాల్చేశారు. అంగీ పొడుగు దగ్గర మొదలైంది చితి దాకా వెళ్ళింది. మీ అన్నయ్య చెప్పింది బహుశా ఇదే.

అసలు డబ్బు సంచి గొడవ 1321లో ఫ్రాన్స్‌లోని నార్బోన్‌లో లేచింది. పట్టుబడిన ఒకడి మీద మత విచారణ జరుపుతూ, డొమినికన్ అనే ఇంకో సన్యాసుల సంఘపు విచారణాధికారి అతని తప్పుల పట్టీ చదివాడు. అందులో ఒకటి, "క్రీస్తుకీ శిష్యులకీ విడిగా గానీ ఉమ్మడిగా గానీ ఏ ఆస్తీ లేదు" అనడం. సభలో ఉన్న బెరెంగర్ తాలోన్ అనే ఫ్రాన్సిస్కన్ (అంటే ఫ్రాన్సిస్ సంఘపు) పండితుడు లేచి, అది తప్పెలా అవుతుందండీ, నికొలస్ పోప్ స్వయంగా చెప్పిందే కదా అన్నాడు. వ్యవహారం పోప్ దగ్గరికి వెళ్ళింది. యోహాను సువార్తలో క్రీస్తు శిష్యుడు యూదా దగ్గర డబ్బు సంచి ఉండేదని రాసుంది కదా, మరి సంచి ఉంటే ఆస్తి ఉన్నట్టే కదా అని ఒక పక్షం. అబ్బే, అది పేదలకోసం, బలహీనుల కోసం పెట్టింది, సొంతానికి కాదు అని రెండో పక్షం.

ఇప్పుడు జాన్ లాయర్ బుర్ర చూడు. 1322 డిసెంబర్‌లో ఆయన బినామీ పని మానేశాడు. మీ వస్తువులు మీరే ఉంచుకోండి, ఇకపై నా పేరు మీద పెట్టకండి అన్నాడు. ఆయన వాదన ఏమిటంటే, ఇల్లో గుర్రమో అయితే ఒకరి సొంతం, ఇంకొకరి వాడుక అనొచ్చు, కానీ తింటే అయిపోయే వస్తువు సంగతేమిటి? ఒక గుడ్డు, ఒక జున్నుముక్క, ఒక రొట్టె తునక మీరు నమిలి మింగేస్తుంటే దాని యజమాని రోమన్ చర్చి అని బుద్ధున్నవాడెవడైనా అంటాడా? (గుడ్డూ జున్నూ నేను కల్పించింది కాదు, ఆయన శాసనంలోనే ఉన్నాయి.) పైగా చర్చికి ఈ యాజమాన్యం వల్ల ఒరిగింది ఏమీ లేదు, దాని పేరు మీద కోర్టుల్లో కేసులు నడవడం, చెడ్డపేరు రావడం తప్ప అని విసుక్కున్నాడు.

సన్యాసుల తరఫు లాయర్, బెర్గమోకి చెందిన బొనగ్రాజియా, పోప్ సభకే వెళ్ళి గట్టిగా అభ్యంతరం చెప్పాడు, దాంతో ఆయన్ని జైల్లో వేశారు. ఆయన వాడిన పోలిక నాకు మహా ఇష్టం: గుర్రం ఉలవలు, అంటే వాళ్ళ దేశంలో ఓట్స్, తింటుంది. తిన్నంత మాత్రాన ఆ ఓట్స్‌కి యజమాని అవుతుందా? ఇంకొంచెం దగ్గరగా చెప్పాలంటే పెళ్ళి భోజనం ఊహించుకో. విస్తట్లో లడ్డూ వేశారు. తినడానికి నీకు అనుమతి ఉంది. నువ్వు నోట్లో పెట్టుకునే లోపు ఎవరో వచ్చి తీసేసుకున్నారనుకో, అవమానమే, ఊరంతా చెప్పుకుంటావు, కానీ లడ్డూ నాదని కోర్టులో దావా వెయ్యలేవు. మా బతుకంతా అలాంటి విస్తరి ముందు కూర్చోవడమే, అనుమతే తప్ప హక్కు లేదు అన్నది ఫ్రాన్సిస్కన్‌ల మాట. చట్టం ఇచ్చే హక్కు వేరు, ఆకలి ఇచ్చే వాడుక వేరు అని తర్వాత ఓకమ్ అనే ఫ్రాన్సిస్కన్ (ఈయన సంగతి కింది ప్రశ్నలో) పుస్తకమంత రాశాడు.

పోప్ వినలేదు. 1323 నవంబర్ 12న, క్రీస్తుకీ శిష్యులకీ ఏమీ లేదని మొండిగా అనడం మతద్రోహమే అని ప్రకటించాడు. (మన ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతిలో పడింది కూడా ఆ ఏడాదే. సంబంధం ఏమీ లేదు, ఏడాది గుర్తుంటుందని చెప్పాను.)

మనవైపు నిజమైన సంబంధం ఒకటుంది, కానీ విషాదం. టోలెంటీనోకి చెందిన థామస్ అనే ఫ్రాన్సిస్కన్ ఇదే బీదరికం పట్టుదల వల్ల ఇటలీలో ఏళ్ళ తరబడి సొంత సంఘం జైల్లోనే ఉన్నాడు. తర్వాత అతన్ని తూర్పు దేశాలకి పంపారు. 1321లో ముంబై పక్కనున్న ఠాణేలో తోటివాళ్ళతో పాటు చంపబడ్డాడు. అదే ఏడాది నార్బోన్‌లో సంచి గురించి వాదించుకుంటున్నారు.

ప్రశ్న: "ఓకమ్ రేజర్" అంటారు కదా, ఆయన మంగలా? సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రోజూ వాడే మాట, అడగడానికి సిగ్గేసింది.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సిగ్గెందుకండీ. ఓకమ్ అనేది ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతపు ఊరు, ఆయన పేరు విలియం, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న ఫ్రాన్సిస్కన్ సన్యాసి. రేజర్ ఎవరో తర్వాత తగిలించిన పేరు. "అవసరానికి మించి పదార్థాలని పెంచకూడదు" అన్న ప్రసిద్ధ వాక్యం కూడా అదే రూపంలో ఆయన రాతల్లో దొరకదు. తక్కువతో అయ్యే పనికి ఎక్కువ వాడడం వృథా అన్న అర్థంలో మాత్రం చాలాచోట్ల రాశాడు. ఆయన దాంతో చెక్కింది ఏమిటంటే, "మనిషితనం", "గుర్రంతనం" లాంటివి మనుషులకీ గుర్రాలకీ బయట ఎక్కడో నిజంగా ఉన్నాయనడాన్ని. ఉన్నది ఈ మనిషి, ఆ గుర్రం, అంతే. మిగతావి మన బుర్రలో మాటలు.

ఆయన పై ప్రశ్నలోకి ఎలా వచ్చిపడ్డాడో చెప్తాను. 1324లో ఆయన రాతల్లో తప్పులున్నాయని ఫిర్యాదు వచ్చి అవిన్యోన్‌కి పిలిపించారు. కమిటీ 51 వాక్యాలు తీసి పరీక్షించింది. ఏళ్ళు గడిచాయి, ఏమీ తేల్చలేదు. ఈలోపు ఫ్రాన్సిస్కన్ సంఘాధిపతి, చెసేనాకి చెందిన మైకేల్‌ని కూడా పోప్ అక్కడికే పిలిపించి, ఎదురుగా నిలబెట్టి తిట్టాడు. మైకేల్ ఓకమ్‌తో, ఈ పోప్ శాసనాలు ఒకసారి చదివి చెప్పు అన్నాడు. అంత పదవిలో ఉన్నవాడు మతద్రోహం రాస్తాడని నమ్మడం ఇష్టంలేక అప్పటిదాకా వాటిని చదవలేదని ఓకమ్ తర్వాత ఉత్తరంలో రాశాడు. చదివాక మాత్రం అందులో తప్పులే కాదు, నవ్వొచ్చే మాటలూ పిచ్చి మాటలూ ఉన్నాయన్నాడు. 1328 మే 26 రాత్రి మైకేల్, బొనగ్రాజియా, ఓకమ్ సంఘం ముద్ర చేతపట్టుకుని ఊరు దాటేశారు. రేవులో ఓడెక్కి పీసా చేరి, పోప్‌తో గొడవలో ఉన్న జర్మన్ రాజు లూయీ పంచన చేరారు. ఓకమ్ మిగతా ఇరవై ఏళ్ళూ మ్యూనిక్‌లో పోప్‌ల మీద రాస్తూనే గడిపాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఒక పోప్ విశ్వాస విషయంలో ఖాయం చేసినదాన్ని తర్వాతి పోప్ మార్చడానికి వీల్లేదని వాదించింది సన్యాసులు, నికొలస్ మాటకోసం. నా చేతులు ఎవరూ కట్టలేరు అన్నది పోప్. పోప్ మాటలో పొరపాటుండదన్న సిద్ధాంతానికి బీజం ఇక్కడే, పోప్‌ని కట్టడి చెయ్యాలనుకున్నవాళ్ళ దగ్గరే ఉందని కొందరు చరిత్రకారులు అంటారు. రోమ్ దాన్ని అధికారికంగా ప్రకటించింది 1870లో.

ప్రశ్న: అప్పట్లో "ప్రజలే చట్టం చెయ్యాలి" అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక అంతా పోప్, రాజు, దేవుడేనా?
— రిటైర్డ్ తహసీల్దార్, కరీంనగర్

ఉన్నాడండీ, పాదువాకి చెందిన మార్సీలియస్. వైద్యం చదివినవాడు, 1313లో పారిస్ విశ్వవిద్యాలయానికి రెక్టర్. 1324లో "శాంతి రక్షకుడు" అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం పూర్తి చేశాడు, పేరు వేసుకోకుండా. చట్టం చేసే అధికారం పౌరులందరిదీ, లేదా వాళ్ళలో "బరువైన భాగానిది" అన్నాడు. బరువంటే తలకాయల లెక్కే కాదు, హోదా కూడా చూస్తాడు, ఆడవాళ్ళూ పిల్లలూ బానిసలూ పౌరుల్లోకి రారు, కాబట్టి మన ఓటు హక్కుతో పోల్చి మురిసిపోనక్కర్లేదు. కానీ ఇంకో మాట అన్నాడు: పోప్‌తో సహా ఏ పూజారికీ ఎవరినీ బలవంతపెట్టే అధికారం లేదు, వాళ్ళ పని వైద్యుడి పని, మందు చెప్పొచ్చు కానీ గొంతులో పొయ్యకూడదు. డాక్టరు రాసిన పోలిక అని తెలిసిపోతోంది కదా.

1326కల్లా రాసిందెవరో బయటపడింది. ఆయన కూడా లూయీ దగ్గరికే పారిపోయాడు. 1328 జనవరిలో లూయీ రోమ్‌లో పోప్ లేకుండానే చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు, రోమ్ ప్రజల తరఫున అని చెప్పి. పెట్టినవాడు రోమ్ ప్రభువుల్లో ఒకడైన షియారా కొలొన్నా. 1303లో అనాన్యీలో పోప్ ఎనిమిదో బోనిఫేస్ ఇంటి మీదకి మనుషుల్ని వేసుకెళ్ళి పట్టుకున్నది ఈ షియారానే. ఆ పోప్ అంతకు ముందు ఏడాదే ప్రతి మనిషీ మోక్షం కోసం పోప్‌కి లోబడి ఉండాలని శాసనం ఇచ్చి ఉన్నాడు.

ప్రశ్న: ఒకేసారి ముగ్గురు పోప్‌లు ఉండేవారట. ఎవరు అసలు, ఎవరు నకిలీ?
— ఒక పాఠకురాలు, డాలస్

1378లో కార్డినల్స్, అంటే పోప్‌ని ఎన్నుకునే పెద్ద మతాధికారులు, రోమ్‌లో ఆరో అర్బన్‌ని ఎన్నుకుని, కొన్ని నెలలకే జనం బెదిరిస్తే భయపడి ఎన్నుకున్నామని చెప్పి ఏడో క్లెమెంట్‌ని ఎన్నుకున్నారు. ఒకరు రోమ్‌లో, ఒకరు అవిన్యోన్‌లో. 1409లో పీసాలో సభ పెట్టి ఇద్దరినీ తీసేసి మూడోవాడిని ఎన్నుకుంటే, ఆ ఇద్దరూ దిగలేదు, ముగ్గురయ్యారు. చివరికి కాన్‌స్టన్స్ మహాసభ 1415 ఏప్రిల్‌లో, మా అధికారం నేరుగా క్రీస్తు నుంచి వచ్చింది, పోప్ అయినా మాకు లోబడాల్సిందే అని తీర్మానించింది. ఓకమ్, మార్సీలియస్ లాంటివాళ్ళ వాదనలు అప్పటికి పండితులకి కొత్త కాదు. అదే సభ మూడు నెలల తర్వాత, రక్షణ పత్రం చేతిలో పెట్టుకుని వచ్చిన జాన్ హుస్ అనే చెక్ మత సంస్కర్తని కాల్చేసింది కూడా. 1417లో ఐదో మార్టిన్ ఎన్నికతో గొడవ ముగిసింది.

అసలు, నకిలీ సంగతంటారా, రోమ్ వరుసనే చర్చి లెక్కలోకి తీసుకుంటుంది. పీసా వరుసలో రెండోవాడు ఇరవై మూడో జాన్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఐదొందల ఏళ్ళకి పైగా ఏ పోప్ కూడా జాన్ అన్న పేరు జోలికి వెళ్ళలేదు. 1958లో ఎన్నికైన ఆయన మాత్రం జాన్ అనే పెట్టుకుని, అంకె మళ్ళీ ఇరవై మూడే వేసుకున్నాడు.