లేత చింత బోన్సాయ్‌కు ఏ కొమ్మలు ఉంచాలి, ఎప్పుడు కత్తిరించాలి?

మీ చింత మొక్కకు రెండేళ్లు నిండాయని, పెన్సిలంత కాండం మీద పది పన్నెండు రెమ్మలు వచ్చాయని, వాటిలో వేటిని ఉంచాలో తేలడం లేదని రాశారు. ఎన్నో ఏళ్లుగా మేడ మీద చింతలను పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఎంపిక ఇప్పుడే చేయండి, కానీ ఉంచదలచిన కింది కొమ్మల కొసలను ఇప్పట్లో తుంచకండి.

ఎంపిక కింది నుంచి మొదలవ్వాలి. చెట్టు చివరికి ఎంత ఎత్తు ఉండాలో నిర్ణయించుకుని, అందులో దాదాపు మూడో వంతు దగ్గర మొదటి కొమ్మను ఎంచుకోండి. 30 సెంటీమీటర్ల చెట్టుకైతే అది మట్టికి సుమారు 10 సెంటీమీటర్ల పైన వస్తుంది. కాండం వంపు తిరిగిన చోట వెలుపలి వైపు పుట్టిన రెమ్మనే ఉంచాలి, లోపలి మడతలో పుట్టినది ఎంత పెరిగినా ఇరికించినట్టే కనిపిస్తుంది. రెండో కొమ్మ అవతలి పక్కకు, కాస్త పైన ఉండాలి. మూడోది వెనక్కు సాగాలి. చాలామంది దీనిని పట్టించుకోరు గాని, చెట్టుకు లోతు తెచ్చేది ఇదే. ఒకే చోట రెమ్మలు గుంపుగా పుడితే ఒక్కటి ఉంచి మిగిలినవి ఈ ఏడే తీసేయండి, లేకపోతే కాండం అక్కడ ఉబ్బి, కింది భాగం కంటే పైభాగం లావుగా తయారవుతుంది.

ఇక పెంపకం. కొసను స్వేచ్ఛగా సాగనిచ్చినప్పుడే కొమ్మ మొదలు లావెక్కుతుంది. తుంచగానే ఆ వేగం తగ్గిపోతుంది. పైగా చెట్టు పైకొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కింది మొగ్గలను అణచి ఉంచుతుంది కనుక, పై రెమ్మలను తరచూ తుంచుతూ, మొదటి కొమ్మను మాత్రం ఒకటి రెండు అడుగులు సాగేదాకా వదిలేయాలి. అది పుట్టిన చోట కాండంలో మూడో వంతు లావుకు వచ్చాక, చింతచిగురు వేసే కాలానికి కొంచెం ముందు, ఒకటి రెండు కణుపులు మిగిల్చి కత్తిరించండి. చివర మిగిలే మొగ్గ పక్కకు చూస్తూ ఉండాలి, ఎందుకంటే కొత్త రెమ్మ ఆ దిక్కుకే సాగుతుంది. దానినీ అలాగే పెంచి, అలాగే కత్తిరిస్తూ పోతే మొదట్లో లావుగా, కొసకు పోయేకొద్దీ సన్నగా, సహజమైన మెలికలతో కొమ్మ తయారవుతుంది. నాకు కొమ్మకు లోహపు తీగ చుట్టి వంచడం కంటే ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం.

తీగ అవసరమైతే, రెమ్మ ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకు తిరుగుతున్నప్పుడే, దాని లావులో మూడో వంతు ఉన్న అల్యూమినియం తీగను 45 డిగ్రీల వాలుగా చుట్టండి. ముదిరిన చింత కొమ్మ వంగకుండా విరుగుతుంది. కొమ్మను కిందికి వంచినా కొసను కాస్త పైకి తిప్పి ఉంచండి, లేదంటే అది బలహీనపడుతుంది. వానాకాలంలో తీగ త్వరగా బెరడులోకి దిగుతుంది కాబట్టి వారం వారం చూసుకుంటూ, తీసేటప్పుడు విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తీయాలి.

ఈ పనంతా అయ్యేవరకు మొక్కను లోతులేని బోన్సాయ్ కుండీలోకి మార్చవద్దు. పూర్తి ఎండ తగిలే చోట పెద్ద తొట్టిలోనే ఉంచండి.