ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ ప్రకృతి చిత్రాల్లో కూలీలు అంత చిన్నగా ఎందుకు కనిపిస్తారు?

జాన్ కాన్‌స్టబుల్ 1821లో గీసిన 'ద హే వెయిన్' చూడండి. ఏటి మధ్యలో ఖాళీ గడ్డి బండి, అందులో ఇద్దరు మనుషులు. గడ్డి కోసేవాళ్లు మాత్రం కుడివైపు, దూరంగా ఉన్న పొలంలో తెల్లటి చుక్కల్లా ఉంటారు. జూమ్ చేస్తే తప్ప కనబడరు!

దూరం వల్ల అలా ఉన్నారని సరిపెట్టుకోవచ్చు, కానీ నాకు అదొక్కటే కారణం అనిపించదు. కాన్‌స్టబుల్ తండ్రి ధాన్యం వ్యాపారి, ఆ పక్కనే ఉన్న ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు ఆయనదే. అంటే ఈ ఊరిని మనం చూస్తున్నది యజమాని కొడుకు కళ్లతో. పైగా ఆ పెద్ద బొమ్మను పొలం గట్టున కాదు, లండన్ స్టూడియోలో, పాత స్కెచ్‌లు పెట్టుకుని వేశాడు.

అదే కాలంలో, ఈ ఊరున్న ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతపు పల్లెల్లో పరిస్థితి వేరు. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక గోధుమ ధర పడిపోయింది, సైనికులు ఇళ్లకు తిరిగొచ్చారు, కూలి పనులు దొరకలేదు. 1822లో ఆ ప్రాంతంలో కూలీలు నూర్పిడి యంత్రాలు విరగ్గొట్టారు, గడ్డివాములు తగలబడ్డాయి. బొమ్మలో మాత్రం ఎవరికీ ఏ టెన్షనూ లేదు. కుక్క కూడా తీరిగ్గా నిలబడి చూస్తోంది.

అలాగని కావాలని అబద్ధం గీశాడనలేం. తన చిన్ననాటి ఊరినే గీశాడు, ఆ ఊళ్లో ఆకలి తన ఇంటిది కాదు.