పాఠం చెప్పడం ఇష్టం లేని పంతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కిందటి సంచిక సినిమా పేజీలో ‘ఫాక్ యు గోథే’ అనే జర్మన్ హాస్యచిత్రాన్ని గురించి నాలుగు వాక్యాలు రాశాము. చదువు చెప్పే ఉద్దేశం ఏ కోశానా లేని ఒక దొంగ, ఎవరూ పట్టించుకోని పిల్లల తరగతికి ఉపాధ్యాయుడు కావడం ఆ చిత్రంలోని వేడుక. ఆ నాలుగు వాక్యాలకు మేము ఊహించినదానికంటే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: కథ ఏమిటో పూర్తిగా చెప్పకుండా ఊరించి వదిలేశారు. ఇంతకూ ఆ దొంగకు బడిలో ఏం పని? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అతనికి బడితో పని లేదు, బడి కింద ఉన్న డబ్బుతోనే పని. జెకి ముల్లర్ జైలు నుంచి విడుదలై వచ్చేసరికి, అతని స్నేహితురాలు దోపిడీ సొమ్ము పాతిపెట్టిన స్థలంలో జర్మన్ మహాకవి గోథే పేరు పెట్టుకున్న ఒక పాఠశాలవారు వ్యాయామశాల కట్టేసి ఉంటారు. రాత్రిపూట సొరంగం తవ్వుకోవాలంటే పగలు ఆ ఆవరణలో తిరిగే హక్కు ఉండాలి కనుక, అతను కాపలా, మరమ్మతులు చూసే ఉద్యోగానికని వెళ్తాడు. ఒక ఉపాధ్యాయురాలు పిల్లల బాధ పడలేక కిటికీలోంచి దూకేయడంతో మనిషి కోసం వెతుకుతున్న ప్రధానోపాధ్యాయురాలు, అతన్ని తాత్కాలిక ఉపాధ్యాయునిగా తీసేసుకుంటుంది. అర్హత పత్రం కావాలి కదా, అందుకు శిక్షణలో ఉన్న లీజి అనే టీచరమ్మ పట్టాను కాజేసి తనదిగా మార్చుకుంటాడు. ఆ గుట్టు పసిగట్టిన లీజి అతన్ని పోలీసులకు పట్టివ్వదు. తనను రోజూ ఏడిపిస్తున్న 10బి తరగతిని అతని నెత్తిన పెట్టి ఊపిరి పీల్చుకుంటుంది. మా దృష్టిలో చిత్రం మొత్తంలో అన్నిటికంటే తెలివైన మలుపు ఇదే. నిజాయితీపరురాలు మొదటిసారి బెదిరింపుకు దిగుతుంది, దొంగ మొదటిసారి బెదిరింపుకు లొంగుతాడు, అక్కడి నుంచి ఇద్దరూ ఒకరి గుణం ఒకరికి అంటించుకోవడం మొదలుపెడతారు.

రచన, దర్శకత్వం బోరా దాగ్తెకిన్. జెకిగా ఎలియాస్ ఎంబారెక్, లీజిగా కరోలీన్ హెర్ఫుర్ట్, ప్రధానోపాధ్యాయురాలిగా కాట్యా రీమన్ నటించారు. కిటికీలోంచి దూకిన టీచరమ్మ ఊషి గ్లాస్. 1960ల చివర పశ్చిమ జర్మనీలో పంతుళ్లను ఆటపట్టించే బడి హాస్యచిత్రాలు వరసగా వచ్చిన కాలంలో ఆమె కుర్ర నటి. ఆనాటి అల్లరి ఈనాడు ఆమెకే ఎదురు తిరిగిందన్న చమత్కారం అక్కడి పెద్దవయసు ప్రేక్షకులకు ఇట్టే తెలిసిపోతుంది.

ప్రశ్న: మహాకవి పేరు పక్కన బూతుమాట పెడితే జర్మన్లు ఎలా ఊరుకున్నారు? మన దగ్గర అయితే పోస్టరు అంటించిన రోజే చింపేసేవారు. (ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: జనం ఊరుకున్నారు, కార్యాలయం ఊరుకోలేదు. ఆ పేరులోని (Fack ju Göhte) మూడు మాటలూ అక్షరదోషాలతోనే ఉంటాయి. కవి పేరును కూడా సరిగ్గా రాయడం రాని పిల్లవాడు బల్ల మీద గీకినట్టు ఉండటంతో, తిట్టు కవికి కాక రాసినవాడి చదువుకే తగులుతుంది. నవంబరు 2013లో విడుదలైన ఈ చిత్రాన్ని ఎనిమిది కోట్ల జనాభా ఉన్న జర్మనీలో 70 లక్షల మందికి పైగా టికెట్టు కొని చూశారు.

చిక్కు తరువాత వచ్చింది. నిర్మాణ సంస్థ కాన్‌స్టాంటిన్ ఫిల్మ్ 2015లో ఈ పేరును వ్యాపార చిహ్నంగా నమోదు చేయమని యూరోపియన్ యూనియన్ మేధో సంపత్తి కార్యాలయాన్ని కోరింది. పేరు మర్యాదకు విరుద్ధమని కార్యాలయం తిరస్కరించింది, 2018లో దిగువ న్యాయస్థానం కూడా ఆ తిరస్కారాన్ని సమర్థించింది. సంస్థ పట్టు వదలలేదు. లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం 2020 ఫిబ్రవరి 27న ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఒక మాట మర్యాదకు భంగకరమా కాదా అన్నది నిఘంటువు ముందు పెట్టుకుని తేల్చేది కాదని, ఆ సమాజంలోని మనుషులు దాన్ని నిజంగా ఎలా తీసుకున్నారో చూడాలని ఆ తీర్పు సారాంశం. ఇంత మంది చూసినా పేరు మీద వివాదం రేగలేదనీ, చిన్న వయసువారిని కూడా చూడనిచ్చారనీ న్యాయమూర్తులు గుర్తుచేశారు. అన్నిటికీ మించి, గోథే పేరుమీదే నడిచే, జర్మన్ భాష నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ ఈ చిత్రాన్ని బోధన కోసం వాడుకుంటున్న సంగతిని కూడా వారు లెక్కలోకి తీసుకున్నారు. మన బంజారాహిల్స్‌లోని గోథే జెంత్రుమ్‌లో జర్మన్ నేర్చుకుంటున్న పాఠకులెవరైనా ఉంటే, మహాకవి పేరుతో ఉన్న ఆ సంస్థ ఎంత పెద్ద మనసుతో నడుచుకుందో గమనించవచ్చు.

ప్రశ్న: నేను ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. మాట వినని పిల్లల మీద పెయింట్‌బాల్ (రంగు గుళ్ల) తుపాకీ పేల్చే పంతులును చూసి నవ్వమంటారా? అటువంటివాడిని మీరు మెచ్చుకోవడం నాకు నచ్చలేదు. (ఒక ఉపాధ్యాయురాలు, అనంతపురం)

జవాబు: అమ్మా, మీ కోపంలో న్యాయం ఉంది. దాన్ని తేలికగా తీసుకోదలచుకోలేదు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అయినా బెత్తం పూర్తిగా మాయం కాలేదని మీకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ వాతావరణంలో కూర్చుని చూసేవారికి ఈ దృశ్యం వేళాకోళంగా కాక, తెలిసిన బాధగానే కనిపించవచ్చు. జర్మనీలో చాలా రాష్ట్రాలు 1970లలోనే బడిలో దండనను నిషేధించాయి, అన్నిటికంటే ఆలస్యంగా బవేరియా 1983లో ఆ పని చేసింది. అంటే 2013లో ఆ హాల్లో నవ్విన కుర్రకారులో దాదాపు ఎవరూ టీచరు చేతి దెబ్బ తిన్నవారు కారు. వారికి అది జరగని పని, కనుక నవ్వు. మనకు అది జరిగే పని, కనుక మీ కోపం.

అయితే మేము మెచ్చుకున్నది తుపాకీని కాదు. ఆ తరువాత కొంతసేపటికి వచ్చే ఒక ఘట్టాన్ని మరొకసారి చూడమని కోరుతున్నాము. జెకి తరగతిని విహారయాత్ర అని చెప్పి బయటికి తీసుకువెళ్తాడు. పిల్లలు మ్యూజియమో, కోటో అనుకుంటారు. అతను తీసుకువెళ్లేది తన పాత లోకంలోకి, మత్తుమందుకు బానిసైన మనిషి దగ్గరికి, ప్రభుత్వ భృతి మీద టీవీ ముందు రోజులు గడిపేసే ఇంటికి. బడి మానేస్తే మీరు చేరబోయేది ఇక్కడికే అని అతను ఉపన్యాసం దంచడు, చూపించి ఊరుకుంటాడు. ఈ మాట ఏ మంచి ఉపాధ్యాయుడు చెప్పినా పిల్లలు చెవిన వేసుకోరు, ఎందుకంటే ఆ మాట చెప్పడానికే అతనికి జీతం ఇస్తున్నారని వారికి తెలుసు. ఇతను మాత్రం అక్కడి నుంచే వచ్చాడు. ఉద్యోగం పోతుందన్న భయం లేదు, పై అధికారి ఏమంటాడోనన్న బెంగ లేదు, పిల్లలు తనను ప్రేమించాలన్న కోరిక అసలే లేదు. ఈ మూడింటిలో ఒక్కటైనా లేకుండా తరగతి గదిలోకి అడుగుపెట్టే వీలు మీకు ఉండదు. ఇష్టం లేని పంతులు కథలన్నిటికీ ప్రాణం ఈ వెసులుబాటులోనే ఉంది. దాన్ని చూసి నవ్వుకోవచ్చు, అనుకరించడానికి మాత్రం పనికిరాదు.

చిత్రం మీద మాకు ఉన్న ఫిర్యాదు వేరు. లీజి శ్రద్ధగా తయారుచేసుకున్న పాఠాలన్నీ బెడిసికొట్టి, జెకి నోటికి వచ్చింది చేసినా ఫలించడం చూస్తే, శిక్షణ పొందిన ఉపాధ్యాయులకు చిత్రం కొంచెం అన్యాయమే చేసింది. జర్మనీలో పట్టా పుచ్చుకున్నాక కూడా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు బడిలో శిక్షణ పొందితేగాని పూర్తి స్థాయి టీచరు కాలేరు. ఆ శ్రమను నవ్వులపాలు చేసిన చోట మేమూ మీ పక్షమే.

ప్రశ్న: మేము మ్యూనిక్‌లో ఉంటున్నాము, మా అమ్మాయి వచ్చే ఏడు నాలుగో తరగతి. అసలు బడులు ఆ సినిమాలోలాగా ఉంటాయా? భయపడవలసిందేమైనా ఉందా? (ఒక తెలుగు తండ్రి)

జవాబు: మీకు భయం వేయవలసింది 10బి తరగతిని చూసి కాదు, నాలుగో తరగతి మార్కుల పట్టికను చూసి. మీ బవేరియా రాష్ట్రంలో జర్మన్, గణితం, పరిసరాల విజ్ఞానం మూడింటి సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటేనే పాఠశాల గిమ్నాజియుమ్‌కు, అంటే విశ్వవిద్యాలయ చదువుకు దారితీసే ఉన్నత పాఠశాలకు, సిఫారసు చేస్తుందని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అక్కడ అంకె తగ్గినకొద్దీ గొప్ప. పదేళ్ల వయసులోనే పిల్లలను వేర్వేరు దారుల్లో పెట్టే ఆ పద్ధతి మీద జర్మన్లలోనే ఎడతెగని వాదన ఉంది. చిత్రంలోని బడి ‘గెజామ్ట్‌షూలె’, అంటే అన్ని స్థాయుల పిల్లలూ ఒకే కప్పు కింద చదివేది. బవేరియాలో అటువంటివి చాలా అరుదు. తమాషా ఏమిటంటే, ఆ బడి దృశ్యాలను తీసింది మీకు దగ్గరలోనే ఉన్న ఉన్టర్‌హాఖింగ్‌లోని ఒక గిమ్నాజియుమ్‌లో.

కథకు వెనుక నిజం లేకపోలేదు. 2006లో బెర్లిన్ నోయ్‌కెల్న్ ప్రాంతంలోని ర్యూట్లి పాఠశాల ఉపాధ్యాయులు, తరగతులు తమ చేతిలో లేవనీ, తక్కువ మార్కుల పిల్లలను పంపే ఆ రకం బడినే ఎత్తివేయాలనీ ప్రభుత్వానికి రాసిన ఉత్తరం బయటపడి దేశమంతా కలకలం రేపింది. తరువాత ఆ బడిని పక్క బడులతో కలిపి, తీరు మార్చి, కొత్తగా నిలబెట్టారు. పత్రికలు నెలల తరబడి గుండెలు బాదుకున్న ఆ విషయాన్నే దాగ్తెకిన్ ఏడేళ్ల తరువాత హాస్యంగా మలచగలిగాడు. వలస కుటుంబంలో పెరిగిన కథానాయకుడిని, అదే నేపథ్యం ఉన్న దర్శకుడు, నటుడు కలిసి తెర మీదికి తేవడం వల్ల ఆ నవ్వులో ఎగతాళి పాలు తగ్గింది. తరగతిలోని షాంటాల్ అనే అమ్మాయిని గమనించండి. అటువంటి పేర్లున్న పిల్లలు చదువురాని ఇళ్ల నుంచి వస్తారన్న దురభిప్రాయం జర్మన్ ఉపాధ్యాయులలో ఉందని ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయం అధ్యయనం 2009లో బయటపెట్టింది. యెల్లా హాజె ఆ పాత్రను ఎంత ప్రేమగా పోషించిందంటే, 2024లో షాంటాలే కథానాయికగా ఒక విడి చిత్రం వచ్చింది.

ప్రశ్న: మన తెలుగులో ఇటువంటి చిత్రం ఎందుకు రాదు? (ఒక పాఠకుడు, వరంగల్లు)

జవాబు: ‘బతకలేక బడిపంతులు’ అన్న సామెత పుట్టిన భాషలో రాకపోవడం చిత్రమే. మన తెర మీద లెక్చరర్లకు కొదవ లేదు. 1992లో ‘సుందరకాండ’లో వెంకటేశ్, 1997లో ‘మాస్టర్’లో చిరంజీవి, 2023లో ‘సార్’లో ధనుష్ పాఠాలు చెప్పారు. కానీ మన కథానాయకుడు తరగతిలోకి అడుగుపెట్టేటప్పటికే మంచివాడు, సమర్థుడు. మారవలసింది పిల్లలో, యాజమాన్యమో, ఊరో. చదువు అంటే ఒళ్లుమంట ఉన్నవాడిని, అబద్ధపు పట్టాతో వచ్చినవాడిని గురువు స్థానంలో కూర్చోబెట్టి నవ్వించడానికి మన రచయితలు ఎందుకో జంకుతారు. గురువు మీద ఉన్న గౌరవం అడ్డు వస్తోందని ఒక మాట వినబడుతుంది. మాకు ఆ మాట మీద నమ్మకం లేదు, ఎందుకంటే లెక్చరర్లను వెర్రివాళ్లుగా చూపే హాస్య ఘట్టాలు మన కాలేజీ చిత్రాలలో కోకొల్లలు. అడ్డు వస్తున్నది కథానాయకుడి మీద ఉన్న గౌరవం.

ప్రశ్న: తరువాతి భాగాలు కూడా చూడదగినవేనా? పిల్లలతో కలిసి చూడవచ్చా? (ఒక గృహిణి, కరీంనగర్)

జవాబు: 2015లో రెండోది, 2017లో మూడోది వచ్చాయి. రెండో దానికీ 70 లక్షల మందికి పైగానే వచ్చారు, మూడోది 60 లక్షలు దాటింది. రెండో భాగంలోనూ జెకి పోయిన సొత్తును వెతుక్కుంటూనే తరగతిని థాయిలాండుకు తీసుకువెళ్తాడు కాబట్టి కథలో చురుకు ఉంది. మూడో భాగానికి వచ్చేసరికి అతను పిల్లల చివరి పరీక్షల కోసం నిజంగానే తాపత్రయపడే ఉపాధ్యాయుడైపోయాడు. మంచిదే, కానీ నేల కింద తవ్వకం ఆగిపోయాక కథకు గుట్టు లేకుండా పోయింది, మాకు ఆవలింతలు వచ్చాయి. మొదటి దాన్ని 2016లో మెక్సికోవారు ‘నో మంచెస్ ఫ్రీదా’ పేరుతో మళ్లీ తీశారు, దానికి కూడా రెండో భాగం వచ్చింది.

ఇక పిల్లల సంగతి. జర్మనీలో దీన్ని పన్నెండేళ్లు నిండినవారు చూడవచ్చని నిర్ణయించారు. అక్కడి పన్నెండేళ్లు వేరు, మన ఇంటి హాలు వేరు. తిట్లు ధారాళంగా ఉంటాయి, వేశ్యావాటికల ప్రస్తావన, మత్తుమందుల ప్రస్తావన ఉన్నాయి. పదో తరగతి దాటినవారితో అయితే ఇబ్బంది లేదు. ముందు మీరు ఒక్కరే చూసి, ఆ విహారయాత్ర ఘట్టం మీ పిల్లలకు చూపాలో వద్దో అప్పుడు తేల్చుకోండి.