యూదులే లేని చోట యూదు ద్వేషమా?

ప్రశ్న: యూదుల మీద ద్వేషం రెచ్చగొట్టి హిట్లర్ అధికారంలోకి వచ్చాడని చదివాను. యూదులు పెద్దసంఖ్యలో ఉన్న దేశాల్లోనే కదా నాయకులకు ఇలాంటి ప్రచారం పనికొచ్చేది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదండీ. 1933లో జర్మనీ జనాభాలో యూదులు 1 శాతం కూడా లేరు. 1968 నాటి పోలండ్ సంగతైతే మరీ దారుణం. యుద్ధానికి ముందు అక్కడ 30 లక్షలకు పైగా యూదులుండేవారు, నాజీలు వాళ్లలో దాదాపు 90 శాతం మందిని చంపేశారు, బతికి బయటపడ్డవాళ్లలోనూ చాలామంది దేశం వదిలి వెళ్లిపోయారు, చివరికి 3 కోట్లు దాటిన జనాభాలో మిగిలినవాళ్లు సుమారు 30 వేలు. అధికారంలో ఉన్నదేమో కమ్యూనిస్టు పార్టీ.

ఆ జనవరిలో వార్సాలో ఆడుతున్న ఒక నాటకాన్ని ప్రభుత్వం ఆపించింది. దాంతో మొదలైన గొడవ మార్చి 8న యూనివర్సిటీ దాకా వచ్చింది, విద్యార్థులను లాఠీలతో చితకబాదారు. వాళ్లు అడిగింది సెన్సార్‌షిప్ గురించి. పత్రికలు రాసింది మాత్రం ఆ విద్యార్థుల్లో ఎవరి అమ్మానాన్నలు యూదులో! వీళ్ల వెనక జియోనిస్టులు (యూదులకు సొంత దేశం ఉండాలనేవాళ్లు) ఉన్నారని ఊరూరా సభలు పెట్టించారు. హోం మంత్రి మోచార్ వర్గానికి ఇది పార్టీలో ప్రత్యర్థుల కుర్చీలు లాక్కునే అవకాశం. పార్టీ అధినేత గొముల్కా భార్య యూదు కుటుంబంలో పుట్టినావిడే, అయినా ఆయన ఈ ప్రచారాన్ని నడవనిచ్చాడు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే, చెప్పేదాని మీద తమకే నమ్మకం లేకుండా మనుషుల బతుకులు కూల్చడం. ప్రొఫెసర్లు, డాక్టర్లు, ఆర్మీ ఆఫీసర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. తర్వాతి మూడేళ్లలో సుమారు 13 వేల మంది పౌరసత్వం వదులుకుని దేశం దాటారు.

ఇది కొత్త ఎత్తేమీ కాదు. 1349 ఫిబ్రవరిలో, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో, బావుల్లో విషం కలిపి ప్లేగు తెప్పిస్తున్నారన్న పుకారుతో వందలమంది యూదులను తగలబెట్టారు. అప్పటికి ఆ ఊళ్లోకి ప్లేగు రానేలేదు! వాళ్లను కాపాడాలని చూసిన నగర పెద్దలను అంతకు కొద్దిరోజుల ముందే దించేశారు, యూదులకు బాకీ ఉన్నవాళ్ల అప్పులన్నీ రద్దయిపోయాయి.

గొముల్కాకు మాత్రం ఇది ఎంతోకాలం అక్కరకు రాలేదు. 1970 డిసెంబరులో ఆహార ధరలు పెంచేసరికి బాల్టిక్ తీరంలో కార్మికులు రోడ్డెక్కారు, ప్రభుత్వం కాల్పులు జరిపించింది, ఆ నెలలోనే ఆయన పదవి ఊడింది.