ఏడుపు రాకపోతే ఎలా అమ్మమ్మా?

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. తెనాలిలో ఒక్కదాన్నే ఉంటాను. లెక్కల టీచరుగా రిటైరయ్యాను. మా అమ్మాయి న్యూజెర్సీలో ఒక యూదు అబ్బాయిని పెళ్లి చేసుకుంది, కానీ తను మతం మారలేదు. అల్లుడు మంచివాడు. వాళ్ల ప్రార్థనా మందిరం, అదే సినగాగ్, పదో తరగతి పిల్లలను జూన్ చివర పది రోజులపాటు ప్రాగ్‌కు, అక్కడి నుంచి పోలండ్‌లోని క్రాకోవ్‌కు, హిట్లర్ కాలంలో నాజీలు యూదులను చంపిన ఆష్విట్జ్ శిబిరానికి తీసుకువెళుతోంది. వాళ్ల పూర్వీకుల చరిత్ర చూపించడానికట. పదహారేళ్ల మా మనవరాలు ప్రతి ఆదివారం నాతో తెలుగులో మాట్లాడుతుంది. మొన్న గొంతు తగ్గించి, “అక్కడ అందరూ ఏడుస్తారట అమ్మమ్మా, నాకు ఏడుపు రాకపోతే ఎలా?” అంది. ఎందుకే అంటే, వాళ్ల బృందంలో ఒక అబ్బాయి “మీ అమ్మ యూదు కాదు, నువ్వు సగమే” అన్నాడట. అమ్మకు చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది. అల్లుడి ముత్తవ్వ టార్నూవ్ అనే ఊరి నుంచి చిన్నప్పుడే అమెరికా వచ్చేసిందట. ఆవిడ చెల్లెళ్లిద్దరూ అక్కడే ఉండిపోయి యుద్ధంలో చనిపోయారు. అల్లుడు ఆ మాట ఎప్పుడూ ఎత్తడు. నాకైతే పసిపిల్లను అలాంటి చావు చోట్లకు తీసుకువెళ్లడమే నచ్చలేదు. ఒట్టు పక్కనపెట్టి, అమ్మాయికి అంతా చెప్పి ప్రయాణం ఆపించనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చివరి వాక్యంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒట్టు తప్పవచ్చా అన్నది ఒకటి, ప్రయాణం ఆపించవచ్చా అన్నది మరొకటి. మొదటిదాన్ని రెండోదానికి వాడుకోవద్దని ముందే చెబుతున్నాను. ఆ పిల్ల తన భయం మీ దగ్గర చెప్పుకుంది. వెళ్లనని మాత్రం అనలేదు. ఆ భయాన్ని సాకుగా చూపి ప్రయాణం మాన్పిస్తే, ఇక ఆదివారాల్లో మీకు వాతావరణం సంగతులే వినిపిస్తాయి.

ఒట్టు గురించి నా లెక్క ఇది. పిల్లల రహస్యాల్లో కొన్ని ప్రమాదం గురించి, కొన్ని సిగ్గు గురించి ఉంటాయి. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదన్నా, అన్నం మానేసినా, బతకాలని లేదన్నా, ఎవరైనా చెయ్యి చేసుకున్నారన్నా ఆ గంటలోనే మీ అమ్మాయికి ఫోన్ చేయండి. ఒట్టు గట్టు మీద పెట్టండి. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది సిగ్గుకు సంబంధించిన రహస్యం. దాన్ని ఆ పిల్లే విప్పాలి. “ఈ మాట నాన్నతో నువ్వు చెబితే బాగుంటుందే, నీకు ధైర్యం చాలకపోతే ఫోన్లో నేనూ పక్కన ఉంటాను” అని చూడండి. ఒప్పుకోకపోతే వారం ఆగి మళ్లీ అడగండి. జూన్ దాకా సమయం ఉంది.

ఇక ఏడుపు సంగతి. మా నాన్నగారు పోయినప్పుడు పదకొండు రోజులూ నా కంట చుక్క నీరు రాలేదు. చుట్టాలు గుసగుసలాడారు కూడా. నెల తర్వాత ఇస్త్రీ అబ్బాయి మడతపెట్టిన ఆయన చొక్కా ఒకటి తెచ్చి, “సారుది మా దగ్గరే ఉండిపోయింది” అన్నాడు. అప్పుడు గుమ్మంలోనే కూలబడ్డాను. పదహారేళ్ల పిల్ల, ఎండలో, పాతికమంది తోటివాళ్ల మధ్య, గైడు చెబుతుండగా సరిగ్గా అనుకున్న నిమిషానికి ఏడవాలంటే అది నటులకే సాధ్యం.

ఆష్విట్జ్ ఎలా ఉంటుందో ఆ పిల్లకు ముందే తెలిస్తే మేలు. సుమారు 11 లక్షల మందిని అక్కడ చంపారు. వాళ్లలో దాదాపు 10 లక్షల మంది యూదులు. అయినా జూన్ నెలలో పోతే ఎర్ర ఇటుకల భవనాలు, వరుసగా చెట్లు, పచ్చని గడ్డి కనిపిస్తాయి. పక్షులు కూస్తూ ఉంటాయి. లోపల గాజు అద్దాల వెనక బూట్ల గుట్టలు, సొంతదారుల పేర్లు రాసిన సూట్‌కేసులు, కత్తిరించిన స్త్రీల జుట్టు ఉంటాయి. కొందరు పిల్లలు ఏడుస్తారు. కొందరికి ఆకలేస్తుంది. కొందరికి ఆ ఒత్తిడికి నవ్వు వచ్చేసి, నవ్వినందుకు చచ్చిపోయినంత సిగ్గుపడతారు. ఇవేవీ తప్పు కావని, చూడలేననిపిస్తే బయటికి వచ్చి కూర్చోవచ్చని ఆ పిల్లకు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని మీరు చేయగలరు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకురావద్దని ఆ మ్యూజియం సూచిస్తుంది. మీ పిల్ల ఆ వయసు దాటింది కాబట్టి ఆ చింత వద్దు.

కన్నీళ్లు ఎక్కడో ఊహించని చోట కూడా రావచ్చు. ప్రాగ్‌లో పింకాస్ సినగాగ్ అని ఒకటుంది. దాని గోడల నిండా, నాజీల చేతుల్లో చనిపోయిన చెక్ ప్రాంతపు యూదుల పేర్లు దాదాపు 78,000 చేత్తో రాసి ఉంటాయి. మేడ మీద పిల్లల బొమ్మలు ఉంటాయి. టెరెజిన్ అనే ఊళ్లో యూదులను నిర్బంధించినప్పుడు, ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి అక్కడి పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పింది. వాళ్లు ఇళ్లు, పూలు, సీతాకోకచిలుకలు గీశారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. ఆమె దాచిపెట్టి వెళ్లిన బొమ్మలు సుమారు 4,500 బయటపడ్డాయి. మీరు బడిలో పనిచేసినవారు, తన దగ్గర చదువుకున్న పిల్లల కాగితాలు దాచే టీచరంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. మీ మనవరాలికి ఈవిడ కథ మీరే చెప్పండి.

“సగం” అన్న ఆ అబ్బాయి మీద నాకూ ఒళ్లు మండింది. కానీ ఆ మాట వాడు పుట్టించినది కాదు. యూదుల సంప్రదాయ న్యాయం ప్రకారం యూదుత్వం తల్లి వైపు నుంచి వస్తుంది. ఆర్థోడాక్స్, కన్సర్వేటివ్ శాఖలవాళ్లు ఈనాటికీ అదే పాటిస్తారు. అమెరికాలోని రిఫార్మ్ శాఖ రబ్బీలు, అంటే మతగురువులు, మాత్రం 1983లో తీర్మానం చేశారు: తల్లిదండ్రుల్లో ఎవరు యూదులైనా, బిడ్డ ఆ పద్ధతిలో పెరిగి, నలుగురిలో ఆ మతాచారాలు పాటిస్తే యూదుగానే లెక్క. మీ మనవరాలిని పదో తరగతి బృందంలో చేర్చుకున్నారంటే వాళ్లది రిఫార్మ్ సినగాగ్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. అదే అయితే ఆ ఇంట్లో ఆమె పూర్తి మనిషే. బయట ఒప్పుకోనివాళ్లు ఉంటారన్నదీ నిజం. ఆ నిజాన్ని తండ్రో రబ్బీయో కూర్చోబెట్టి చెప్పాలి. దాచిపెడితే, రేపు ఇంకెవరో అన్నప్పుడు రెట్టింపు దెబ్బ తగులుతుంది.

ఇంకొక సంగతి ఆ అబ్బాయికి తెలిసి ఉండదు. 1935లో జర్మనీలో నాజీలు తెచ్చిన చట్టాలు తాతలు, అమ్మమ్మ, నానమ్మల లెక్క తీసి మనుషులను సగం, పావు అని విడగొట్టాయి. ప్రయాణంలో గైడు ఈ లెక్క చెప్పినప్పుడు వాడు తల దించుకుంటాడో లేదో నాకు తెలియదు. మీ పిల్లకు మాత్రం ఆ మాట చెవిన పడగానే గుచ్చుకుంటుంది. అందుకే ఇంట్లో ముందుగా విని ఉండటం మంచిదంటున్నాను.

ఇప్పుడు మీ శ్మశానం అభ్యంతరం. మీ మనసు నాకు అర్థమవుతుంది, నేను పుట్టిందీ అలాంటి ఇంట్లోనే. అయితే యూదులు కూడా శ్మశానం నుంచి వస్తూ చేతులు కడుక్కుంటారని తెలుసా? వాళ్లలో పూజారి వంశాల మగవారు, ఆచారం గట్టిగా పాటించేవాళ్లయితే, దగ్గరి బంధువు పోయినప్పుడు తప్ప శ్మశానం గడప తొక్కరు. చనిపోయిన రోజును ఏటా వాళ్ల చాంద్రమాన తిథి ప్రకారం గుర్తుపెట్టుకుని దీపం పెడతారు. మన తద్దినంలాగే. శిబిరాల్లో పోయినవాళ్ల తిథి ఎవరికీ తెలియదు కదా! అలాంటివారి కోసం కదీష్ ప్రార్థన చదవడానికి ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలు టేవేత్ అనే నెలలో పదో రోజును నిర్ణయించారు. తిథి తెలియనివాళ్లకు మనకు మహాలయ అమావాస్య ఉన్నట్టు. మీ అల్లుడి ఇంటి ఆచారాలు మీకు మీరు అనుకున్నంత దూరం కావు.

అల్లుడిని కదిలించడానికి దారి కూడా ఇక్కడే ఉంది. ఇది ఒట్టును తాకదు. టార్నూవ్‌లో ఉండిపోయిన ఆ చెల్లెళ్లిద్దరి పేర్లు ఏమిటో అతన్ని అడగండి. “మహాలయ అమావాస్య నాడు తలుచుకుంటాను బాబూ” అనండి. యుద్ధానికి ముందు టార్నూవ్ జనాభాలో దాదాపు సగం యూదులు. 1942 జూన్‌లో వాళ్లలో వేలమందిని ఆష్విట్జ్‌కు కాక బెల్జెట్స్ అనే మరో శిబిరానికి తరలించి చంపారు. ఆ అక్కచెల్లెళ్లు కూడా వాళ్లలో ఉండి ఉండవచ్చు. నాజీలు తగలబెట్టిన అక్కడి పాత సినగాగ్‌లో వేదిక ఒక్కటే మిగిలింది, నాలుగు ఇటుక స్తంభాలతో. క్రాకోవ్ నుంచి ఎనభై కిలోమీటర్లు ఉంటుందేమో. బృందం కార్యక్రమంలో ఆ ఊరు లేకపోతే బాధ లేదు. ఆ రెండు పేర్లు కాగితం మీద రాసుకుని పిల్ల తన జేబులో పెట్టుకుంటే చాలు. ఇలాంటి ప్రయాణాల్లో పిల్లలు తమ వాళ్ల పేర్లు పైకి చదవడం మామూలే. ఏడుపు వస్తుందా రాదా అని కాచుకుని కూర్చున్న పిల్లకు చేయడానికి ఒక పని దొరుకుతుంది.

ఇంకో మాట. ఇది పది రోజుల శ్మశాన యాత్ర అనుకోకండి. ప్రాగ్‌లో పాత-కొత్త సినగాగ్ అని ఒకటుంది, పేరే తమాషా. మన రుద్రమదేవి ఓరుగల్లును ఏలుతున్న రోజుల్లో, 1270 ప్రాంతంలో కట్టినది. ఇప్పటికీ అందులో ప్రార్థనలు జరుగుతున్నాయి. క్రాకోవ్‌లో పాత యూదుల పేట కజిమియెజ్. సాయంత్రాలు పిల్లలు అక్కడ తిరుగుతారు, వీధి బండి మీద అమ్మే ఉంగరంలాంటి రొట్టెలు కొనుక్కు తింటారు, గదిలో ఎవరి పక్కన ఎవరు పడుకోవాలని పోట్లాడుకుంటారు. ఆ అబ్బాయితో మాటలు కలవవచ్చు, కలవకపోవచ్చు.

మీ అమ్మాయి విచారించవలసినవి రెండే: రాత్రిళ్లు ఆడపిల్లలకు తోడుండే పెద్దవాళ్లు ఎవరు, మధ్యలో పిల్ల బెంబేలు పడితే ఎవరికి చెప్పుకోవాలి. తిరిగి వచ్చాక “ఎలా జరిగింది” అని మీరు మొదలుపెట్టకండి, “ఏం తిన్నావే” అని అడగండి. మిగతాది అదే వస్తుంది, ఆ రోజు కాకపోతే మరో ఆదివారం.

చివరగా లెక్కల టీచరుగారికి ఒక లెక్క. జూన్‌లో న్యూజెర్సీకి, తెనాలికి మధ్య తొమ్మిదిన్నర గంటల తేడా. క్రాకోవ్‌కు మూడున్నరే. ఆష్విట్జ్ వెళ్లిన రోజు పిల్ల రాత్రి ఎనిమిదికి గదికి చేరితే మీకు పదకొండున్నర అవుతుంది. ఆ ఒక్క రాత్రి మేలుకుని, ఫోను దగ్గర పెట్టుకోండి.