సైకిల్ పందెమా, సైకిల్ పోటీయా?

సందేహం: 1921లో కోపెన్‌హాగన్‌లో అమెచ్యూర్లకు జరిగిన మొదటి ప్రపంచ రోడ్డు సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ గురించి రాస్తూ 'సైకిల్ పందెం' అన్నాను. డబ్బు కోసం తొక్కనివాళ్ల ఆటను పందెం అనకూడదు, పోటీ అనాలని మిత్రుడు అంటున్నారు. ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. అయితే అది మాట పుట్టుకను చూసి చెప్పింది, వాడుకను చూసి కాదు.

పందేనికి పాత తెలుగులో పన్నిదం అనే అందమైన మాట ఉండేది. సంస్కృత 'పణితం' నుంచి వచ్చిన తద్భవం. 'పణ్' ధాతువుకు బేరమాడటం, జూదంలో ఒడ్డటం రెండూ అర్థాలే. పణం, పణ్యం, ఆపణం, విపణి అన్నీ ఆ కుదురులోవే. నన్నయ ఆదిపర్వంలో కద్రూవినతల కథ మళ్లీ ఒకసారి చదవండి. తెల్లని ఉచ్చైశ్శ్రవం తోక నల్లగా ఉందంటుంది కద్రువ, కాదంటుంది వినత. ఓడినామె గెలిచినామెకు దాసి కావాలి. అక్కడ గుర్రం ఎవరితోనూ పరుగెత్తలేదు, అయినా అది పన్నిదమే. ఎందుకంటే ఒడ్డినది ఉంది, అదీ ఒక మనిషి స్వేచ్ఛ! సభాపర్వంలో ధర్మరాజు సొమ్మును, తమ్ముళ్లను, తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. ఈ 'ఒడ్డు' క్రియ 'ప్రాణాలొడ్డి' అన్న మాటలో నేటికీ బతికే ఉంది. పన్నిదాన్ని మాత్రం నిఘంటువుకు వదిలేశాం. షేర్ల వార్తల్లో రోజూ 'విపణి' అని రాసేవాళ్లు దాని తోబుట్టువును మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక పందెం. తమిళంలో పందయం, కన్నడంలో పంద్య. కోడిపందెంలో డబ్బు తప్పదు. బడిపిల్లల పరుగుపందెంలో పైసా ఉండదు, అయినా దాన్ని పందెం కాదనేవాళ్లు లేరు. పోటీకి ఎదుటివాడుంటే చాలు. ఎన్నికైనా, పరీక్షైనా సరే.

కోపెన్‌హాగన్‌లో ఆ ఎదుటివాడు పక్కన లేడు. అది 190 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. ఎవరికి వారు విడివిడిగా బయలుదేరి గడియారంతో తలపడ్డారు. స్వీడన్‌కు చెందిన గున్నార్ షోల్డ్ గెలిచాడు. డెన్మార్క్ వాడు విల్లమ్ నీల్సన్ రెండో స్థానం, బ్రిటన్ వాడు చార్లెస్ డేవీ మూడో స్థానం. మరుసటి ఏడు ఇంగ్లండులోనూ ఇదే పద్ధతి, అప్పుడు డేవ్ మార్ష్ గెలిచాడు. వృత్తిగా తొక్కేవాళ్లకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1927లో గానీ రాలేదు.

అన్నట్టు, అమెచ్యూర్‌ను 'ఔత్సాహిక' అని రాయడానికి నేను జంకుతాను. మాట తప్పు కాదు, మన పత్రికలు దాన్ని పాడుచేశాయి. 'ఔత్సాహిక పారిశ్రామికవేత్త' అంటే ఇప్పుడిప్పుడే దిగినవాడనే అర్థం స్థిరపడింది. ఒంటరిగా 190 కిలోమీటర్లు తొక్కి ప్రపంచంలో మొదట నిలిచినవాడిని కొత్తవాడనుకుంటే ఎంత అన్యాయం! అమెచ్యూర్ అనే ఉంచండి.

శీర్షికలో 'పోటీ' పెడితే మీ మిత్రుడికి తృప్తి. కథనంలో 'పందెం' వాడితే నేను తప్పు పట్టను, నా చెవికి అదే ఇంపు. 'పందెం కాశారు' అని మాత్రం రాయకండి. అక్కడ కాసిన వాళ్లెవరూ లేరు.