రె: ఈస్ట్ లింటన్‌లో పావురాల గూడు ఏది?

స్కాట్లాండ్‌లోని ఈస్ట్ లింటన్‌వి మీ ఫొటోల్లోని కట్టడాలు రెండూ గుండ్రంగానే ఉన్నాయి కాబట్టి తికమక పడటం సహజమేనండీ. శంఖువు ఆకారంలో ఎర్ర పెంకుల కప్పున్నది పావురాల గూడు కాదు, ప్రెస్టన్ మిల్లులో ఓట్లు ఆరబెట్టే బట్టీ. (ఓట్లంటే ధాన్యం, ఎలక్షన్ కాదు!)

రెండో ఫొటోలోది ఫాంటాసీ (Phantassie) డూకాట్, అదే పావురాల గూడు. స్కాట్లాండ్‌లో ఇలాంటి గూటిని డూకాట్ అనే అంటారు. దాని కప్పు దక్షిణానికి వాలుగా ఉంటుంది, పావురాలు ఎండ కాచుకోవడానికి. వెనక గోడ గుర్రపు నాడాలా ఎత్తుగా లేచి ఉత్తరపు గాలిని ఆపుతుంది. ఒకప్పుడు ఇందులో 500 పావురాలుండేవట. పెంచింది ముచ్చటకు కాదు, మాంసానికి.

ఇలాంటి గూళ్ల గోడకు చుట్టూ రాతి అంచు కనిపిస్తే అలంకారమనుకోకండి. గోడెక్కే ఎలుకలు అక్కడితో ఆగిపోతాయి.